సూర్యుడి నుంచి సోలార్‌ను కాపాడే డబ్బా

ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లకి ఈమధ్య ఒక కొత్త టెన్షన్ పట్టుకుంది. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగితే మన ప్యానెళ్లు, వాటి డీసీ కరెంటుని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ కాలిపోతాయట. మొదట ఇది వాట్సాప్‌లో తిరిగింది. "భారీ సౌర జ్వాల భూమి వైపు వస్తోంది. ప్యానెళ్ల మీద మందపాటి దుప్పట్లు కప్పండి, పైన కనెక్టర్లు పీకేయండి, ఇన్వర్టర్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, పదిమందికీ పంపండి" అని. మా బంధువుల గ్రూపులో అది రెండు మూడు వైపుల నుంచి వచ్చిపడింది. తర్వాత అదే భయం అమ్మకానికి వచ్చింది. ప్యానెళ్లు కడగడానికి వచ్చిన సర్వీసు కుర్రాడు బ్యాగులోంచి ఒక కాగితం తీసి, "సార్, సోలార్ ఫ్లేర్ ప్రొటెక్షన్ కిట్ వచ్చింది. పద్దెనిమిది వేలు. పాత కస్టమర్లకి పదహారే" అన్నాడు.

నేను కొనలేదు. ఎందుకు కొనలేదో, ఆ డబ్బే ఉంటే దేనికి పెడతానో రాద్దామనే ఈ పోస్టు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సౌర తుఫాను మన డాబా మీదకి దిగదు. దిగితే వందల కిలోమీటర్ల పొడవున్న హైటెన్షన్ లైన్ల మీదకి, వాటి చివర ఉన్న సబ్‌స్టేషన్ల మీదకి దిగుతుంది. అక్కడ దెబ్బ తగిలి గ్రిడ్ పడిపోతే, ఏ దెబ్బా తగలని మన ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఎండ దంచుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. సోలార్ ఇంటికి సౌర తుఫాను వల్ల ఉన్న అసలు ప్రమాదం ఇదే. దీనికి ఆ కిట్‌లో మందు లేదు.

జ్వాల, దాని వెనకాల వచ్చేది

భయం సగం రెండు వేర్వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేయడం వల్ల పుడుతోంది. సౌర జ్వాల అంటే వెలుగు, ఎక్స్ కిరణాలు. అది భూమికి చేరడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుంది. దాన్ని మనం చూడటం, అది మనల్ని చేరడం ఒకేసారి జరుగుతాయి. కాబట్టి "వస్తోంది, జాగ్రత్త పడండి" అని జ్వాల గురించి ముందుగా చెప్పడం కుదరదు. ఆ మెసేజ్ రాసినాయన అక్కడే దొరికిపోయాడు. ఆ ఎక్స్ కిరణాలు పైవాతావరణంలోనే ఆగిపోతాయి. పగలున్న వైపు దూరప్రాంత రేడియోలు కాసేపు మూగబోతాయి. ఓడలవాళ్లకీ విమానాలవాళ్లకీ అది ఇబ్బందే. మన ప్యానెల్‌కి అందులో ఏమీ లేదు.

మరి వెలుగు పెరిగితే ప్యానెల్ మీద లోడు పెరగదా అని మా పక్కింటి మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2003 అక్టోబరు 28న చాలా పెద్ద జ్వాల, ఎక్స్17 స్థాయిది, ఎగిసింది. ఉపగ్రహాలు కొలిస్తే భూమికి అందే మొత్తం సూర్యకాంతి అప్పుడు పెరిగింది 0.027 శాతం. మా 3 కిలోవాట్ల సిస్టమ్‌కి లెక్క వేస్తే ఒక్క వాటు కూడా నిండదు. ఒక తెల్లమబ్బు అడ్డం వచ్చి పోతే వెయ్యి వాట్లు దిగి మళ్లీ ఎక్కుతాయి. ఇన్వర్టర్ రోజూ ఆ ఒడిదుడుకుల్ని ఎదుర్కొంటూనే ఉంది.

రెండోది వేరే సంగతి. కొన్నిసార్లు జ్వాలతో పాటు సూర్యుడి పైపొరలోంచి వందల కోట్ల టన్నుల ప్లాస్మా, అంటే విద్యుదావేశం నిండిన వేడి వాయువు, తన అయస్కాంత క్షేత్రాన్ని మోసుకుంటూ బయటికి ఎగజిమ్ముతుంది. అది మన దిక్కుకే వస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో చేరుతుంది. 1859 సెప్టెంబరులో రిచర్డ్ కారింగ్టన్ చూసిన జ్వాల తర్వాత వచ్చింది మాత్రం పదిహేడున్నర గంటల్లోనే చేరిపోయింది. ఇలా వచ్చిన ప్లాస్మా భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తుంది. సౌర తుఫాను అంటే ఆ కుదుపే. ఆ కుదుపుకి నేలలో కరెంటు పుడుతుంది. ఆ రోజుల్లో ఉన్న పొడవాటి తీగలు టెలిగ్రాఫువే కాబట్టి దెబ్బ వాటికి తగిలింది. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లండ్ మధ్య ఆపరేటర్లు బ్యాటరీలు తీసేసి, నేలలోంచి వస్తున్న కరెంటుతోనే కాసేపు సందేశాలు పంపుకున్నారు.

ఇందులో గమనించాల్సింది తీగ పొడవు. నేలలో పుట్టే వోల్టేజీని కిలోమీటరుకి ఇన్ని వోల్టులని కొలుస్తారు. పెద్ద తుఫానులో కూడా అది కిలోమీటరుకి కొద్ది వోల్టులే. అయితే 400 కిలోమీటర్ల లైనుకి ఆ కొద్ది కొద్దీ కలిసి వేల వోల్టులవుతుంది.

డాబా మీద లెక్క

అదే లెక్క మా ఇంటికి వేసి చూశాను. డాబా మీద ప్యానెళ్ల నుంచి కింద మీటరు దాకా తీగ పొడవు 30 మీటర్లు అనుకుందాం. ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో ఊహించే ఘోరమైన తుఫాను, కిలోమీటరుకి 20 వోల్టులు, మా వీధిలోనే వచ్చిందని కూడా అనుకుందాం. అప్పుడు ఈ చివరకీ ఆ చివరకీ మధ్య తేడా 0.6 వోల్టు. టార్చిలైటు సెల్లులో సగం కూడా కాదు. ప్యానెళ్ల వరసలో మామూలుగానే 300 వోల్టులు నడుస్తుంటాయి.

ఇంకో దారి కూడా ఉంది. ప్యానెళ్ల ప్లస్, మైనస్ తీగలు కలిసి ఒక చుట్టులా ఉంటాయి కదా, అయస్కాంత క్షేత్రం మారినప్పుడు ఆ చుట్టులో వోల్టేజీ పుట్టదా? పుడుతుంది. చుట్టు వైశాల్యం 20 చదరపు మీటర్లు, క్షేత్రం నిమిషానికి 2,000 నానోటెస్లాల చొప్పున మారుతోంది అనుకుంటే (నానోటెస్లా అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం; ఇది చాలా భయంకరమైన మార్పే), పుట్టేది ఒక మైక్రోవోల్టు కన్నా తక్కువ. పదిలక్షల భాగంలో కూడా ఒక ముక్క. దుప్పటి కప్పినా కప్పకపోయినా ఒకటే.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిగానే వినిపిస్తుంది. ఉపగ్రహాల ప్యానెళ్లు సౌర తుఫానుల్లో నిజంగానే దెబ్బతింటాయి. ప్రోటాన్లు వచ్చి గుద్దుకోవడం వల్ల వాటి సామర్థ్యం తగ్గుతుంది. నెట్‌లో దొరికే కథనాల్లో ఆ సంగతిని తెచ్చి మన డాబాకి అంటించేస్తున్నారు. వాటికి పైన ఏమీ లేదు. మన నెత్తిన భూమి అయస్కాంత క్షేత్రం ఉంది, దాని కింద వాతావరణం ఉంది.

2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ ప్రకటన వచ్చినప్పుడు మాత్రం నేను కూడా కాసేపు ఆగి ఆలోచించాను. తీవ్రమైన సౌర వికిరణం వల్ల ఏ320 రకం విమానాల కంట్రోల్ కంప్యూటర్లలో డేటా పాడయ్యే అవకాశం ఉందని చెప్పి, ప్రపంచమంతటా వేల విమానాలకి సాఫ్ట్‌వేర్ మార్పించారు. మన ఇండిగో, ఎయిరిండియా విమానాలు కూడా అందులో ఉన్నాయి. మా మేనల్లుడు వెంటనే లింకు పంపి, "మామయ్యా, విమానానికే దిక్కు లేకపోతే నీ ఇన్వర్టర్ ఎంత?" అన్నాడు. విమానం ఎగిరేది పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున. అక్కడ పైన మిగిలిన గాలి పావు వంతే. మనల్ని కాపాడే దుప్పటిలో ముప్పావు దాని కింద ఉండిపోయింది. అయినా వాడి ప్రశ్నని కొట్టిపారేయను. నేల మీద కూడా అంతరిక్షం నుంచి వచ్చే కణాల వల్ల చిప్పుల్లో ఎప్పుడో ఒక బిట్టు తారుమారు కావచ్చు. అలా అయితే ఇన్వర్టర్ హ్యాంగ్ అవుతుంది, ఆపి వేసుకుంటే సరిపోతుంది. దానికి పదహారు వేలు అక్కర్లేదు.

ఆ కిట్‌లో ఏముంది

కుర్రాడిని డబ్బా తెప్పించి చూపించమన్నాను. పాపం తెచ్చాడు. లోపల తీగల చుట్టూ తొడిగే రెండు ఫెర్రైట్ రింగులు, ఒక సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నాయి. సర్జ్ ప్రొటెక్టర్ అంటే ఎస్‌పీడీ, క్షణంపాటు ఎగిసే వోల్టేజీ నుంచి కాపాడేది. ప్యానెళ్ల తీగలు వచ్చే మా డీసీడీబీ బాక్సులోనూ, మీటరు వైపు తీగలుండే ఏసీడీబీ బాక్సులోనూ మొదటి నుంచీ ఉన్నదే. సోలార్ పెట్టించుకున్న ప్రతివాళ్లూ ఒకసారి ఆ బాక్సు మూత అద్దంలోంచి చూడండి. వేలెడంత కిటికీలో పచ్చరంగు కనిపిస్తుంటే అది బతికి ఉన్నట్టు, ఎరుపు కనిపిస్తే పని అయిపోయినట్టు.

ఈ కిట్ ఆలోచన ఎక్కడిదో తెలిస్తే దాని లోపమూ తెలుస్తుంది. అమెరికాలో అణుబాంబు ఆకాశంలో పేలితే వచ్చే విద్యుదయస్కాంత తాకిడి గురించి భయపడేవాళ్లకి ఇలాంటివి అమ్ముతారు. ఆ భయానికి ఆధారం ఉంది. 1962 జూలై 9న పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అమెరికా పేల్చిన బాంబుకి దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హవాయిలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. అణు తాకిడిలో మొదట వచ్చేది సెకనులో వందకోట్ల వంతుల్లో కొట్టే చురుకైన దెబ్బ. చిన్న తీగల్లోకీ చిప్పుల్లోకీ దూరేది అదే. చివర్లో వచ్చేది నిమిషాల తరబడి సాగే నెమ్మదైన ఊపు. సూర్యుడి తుఫానులో ఆ చివరి ఊపు ఒక్కటే ఉంటుంది. వేగంగా కొట్టే దెబ్బకి చేసిన వస్తువుని నెమ్మదిగా వచ్చే ఊపుకి అమ్ముతున్నారన్నమాట.

"పెట్టించుకుంటే పోయేదేముంది, ఉంటే ఉంటుంది కదా" అని మా ఆవిడ. మన ఇళ్లలో చాలా కొనుగోళ్లు ఈ మాట మీదే జరుగుతాయి. పోయేది ఉంది. డీసీ తీగల మధ్యలో కొత్త వస్తువు పెట్టాలంటే కొత్త కనెక్టర్లు వేయాలి. సోలార్ మంటల్లో చాలావాటికి మొదలు సరిగ్గా బిగించని కనెక్టర్, లేదా ఒక కంపెనీ మగది ఇంకో కంపెనీ ఆడదానికి తగిలించిన కనెక్టర్. అక్కడ వేడెక్కి, డీసీ ఆర్క్ (ఆగకుండా మండే విద్యుత్ మెరుపు) వచ్చి అంటుకుంటుంది. వాట్సాప్ మెసేజ్‌లో "కనెక్టర్లు పీకేయండి" అన్న సలహా ఇంకా ఘోరం. మిట్టమధ్యాహ్నం లోడు మీద ఉండగా పీకితే చేతుల్లోనే ఆర్క్ కొడుతుంది. ఆపాలనుకుంటే ముందు ఇన్వర్టర్‌కి ఏసీ వైపున్న స్విచ్ ఆపి, తర్వాత ప్యానెళ్ల వైపున్న డీసీ ఐసొలేటర్ స్విచ్ తిప్పాలి. సూర్యుడికి భయపడి దుప్పటి పట్టుకుని మెట్లు లేని ట్యాంకు మీదకి ఎక్కేవాళ్లని తలుచుకుంటే నాకు నిజంగా భయమేస్తుంది.

సోలార్ ఇంటికి పైనుంచి వచ్చే అసలు శత్రువు పిడుగు. 2018 ఏప్రిల్‌లో ఒకరోజు ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. సౌర తుఫాను గురించి అడిగేవాళ్లలో పిడుగు గురించి అడిగినవాళ్లని నేను చూడలేదు. మా వీధి చివర ఒకాయన ఇంట్లో మొన్న వేసవి గాలివానకి ఇన్వర్టర్ వైఫై డాంగిల్, కమ్యూనికేషన్ కార్డు పోయాయి. పిడుగు ఆ ఇంటి మీద పడలేదు, దగ్గర్లో కొబ్బరిచెట్టు మీద పడింది. ఎస్‌పీడీ ఉంది. లైటనింగ్ అరెస్టర్ కూడా ఠీవిగా నిలబడి ఉంది. కొలిపిస్తే ఎర్త్ రెసిస్టెన్స్, అంటే కరెంటు నేలలోకి దిగడానికి ఉన్న అడ్డు, 40 ఓములు దాటి వచ్చింది. 5 ఓములలోపు ఉండాలంటారు. పెట్టించిన ఏజెన్సీవాళ్లు గొయ్యి తవ్వితే గట్టి నేల తగిలిందట, అక్కడితో ఆపి రాడ్డుని కోసేసి మూత పెట్టి వెళ్లిపోయారు. ఎస్‌పీడీ చేసే పని అదనపు వోల్టేజీని నేలలోకి పంపడం. ఎర్తింగ్ లేకుండా దాన్ని పెట్టడం కాలవ తవ్వకుండా చెరువుకి తూము పెట్టినట్టే.

కాబట్టి పదహారు వేలు ఉంటే మొదట ఎర్త్ పిట్‌లు కొలిపించండి. పని చేసినవాళ్లతో కాకుండా వేరే ఎలక్ట్రీషియన్‌తో. వేసవిలో నేల ఎండినప్పుడు కొలిస్తే నిజం తెలుస్తుంది, వానాకాలంలో అన్నీ బాగానే చూపిస్తాయి. డీసీ ప్లస్, మైనస్ తీగలు రెండూ పక్కపక్కనే ఒకే పైపులో వెళ్తున్నాయో లేదో చూడండి. విడివిడిగా డాబా చుట్టూ తిరిగితే ఆ పెద్ద చుట్టు పిడుగు తాకిడిని పట్టుకుంటుంది. ఇందాక మైక్రోవోల్టు అన్న ఆ చుట్టులోనే దగ్గర్లో పడ్డ పిడుగుకి వేల వోల్టులు పుట్టగలవు. కోతులున్న ఊళ్లలో అయితే తీగల్ని ఇనప పైపుల్లోకి మార్చండి. అక్కడ పిడుగు కన్నా వాటి దాడే ముందుంటుంది.

పైన ఎండ, కింద ఉక్కపోత

ఇప్పుడు గ్రిడ్ సంగతి. మా పిన్ని ఇంటికి సబ్సిడీలో సోలార్ పెట్టించాం. పెట్టించిన కొత్తలో మే నెలలో మధ్యాహ్నం లైను మరమ్మతు అని కరెంటు తీశారు. పిన్ని ఫోన్ చేసి, "ఇదేంట్రా, పైన అంత ఎండ కాస్తోంది, మన కరెంటు మన నెత్తిన తయారవుతోంది, కింద ఫ్యాను తిరగదేం? బాగు చేయించు" అంది. బాగు చేయించడానికి అందులో పాడైంది ఏమీ లేదు. గ్రిడ్‌కి కలిపే ఇన్వర్టర్‌ని అలాగే తయారు చేస్తారు. గ్రిడ్‌లో కరెంటు పోయిన క్షణాల్లో అది ఆగిపోవాలి. లేకపోతే మన ఇంటి కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళ్లి, లైను ఆగిపోయిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని చంపేస్తుంది. నేను ఇంత చెప్పినా పిన్ని ఒప్పుకోలేదు. "అయితే ఈ మాట పెట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదు?" అంది. ఆ ప్రశ్నకి అమ్మినవాళ్లే జవాబు చెప్పాలి. సోలార్ కొన్నవాళ్లలో చాలామందికి మొదటి పవర్‌కట్ రోజే ఈ సంగతి తెలుస్తుంది.

మా చిన్నాన్న ట్రాన్స్‌మిషన్ సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యారు. సౌర తుఫాను గ్రిడ్‌ని ఎలా పడగొడుతుందో ఆయన చెబితేనే నాకు అర్థమైంది. మన వీధిలో స్తంభాల మీదుండే ట్రాన్స్‌ఫార్మర్‌కి 11 కేవీ (11 వేల వోల్టుల) వైపు డెల్టా కనెక్షన్ ఉంటుంది. అటువైపు న్యూట్రల్ నేలలోకి దిగదు, కాబట్టి నేలలోంచి వచ్చే ఆ కరెంటుకి అటు ఎక్కే దారే లేదు. దారి ఉన్నది 220, 400, 765 కేవీ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకి. వాటి న్యూట్రల్ నేరుగా భూమికి కట్టి ఉంటుంది. అందులోంచి దాదాపు డీసీ లాంటి కరెంటు పైకెక్కి, లైను పొడవునా పారి, అవతలి సబ్‌స్టేషన్‌లో దిగుతుంది. ఏసీకి తగ్గట్టు కట్టిన ఇనప కోర్ ఆ డీసీ వల్ల ప్రతి సైకిల్‌లో ఒక సగంలో అయస్కాంతత్వంతో నిండిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా మోగుతుంది, వేడెక్కుతుంది, వోల్టేజీ దిగిపోతుంది, కాపలా కాసే రిలేలు అది లోపమనుకుని ఒకదాని వెనక ఒకటి లైన్లని విడగొట్టేస్తాయి.

1989 మార్చి 13 తెల్లవారుజామున కెనడాలోని క్యూబెక్‌లో సరిగ్గా ఇదే జరిగింది. వోల్టేజీని నిలబెట్టే పరికరాలు వరసగా ట్రిప్పయ్యాయి. సుమారు తొంభై సెకన్లలో మొత్తం గ్రిడ్ పడిపోయింది. 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు కరెంటు లేదు, అదీ అక్కడి చలిలో. కింద ఉన్నది కరెంటుని పోనివ్వని పాతరాయి కావడంతో, నేలలో పుట్టిన కరెంటు సులువైన దారి వెతుక్కుని లైన్లలోకి ఎక్కింది.

మనకి అంత వస్తుందా? ఇక్కడే నా వాదన బలహీనంగా కనిపిస్తుందని తెలుసు. ఈ దెబ్బ ధ్రువాల దగ్గరే ఎక్కువ, మనం వాటికి చాలా దూరం. 2024 మే 10 శుక్రవారం రాత్రి రెండు దశాబ్దాల్లోకెల్లా పెద్ద తుఫాను వచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. న్యూజీలండ్‌లో గ్రిడ్‌వాళ్లు ముందుజాగ్రత్తగా కొన్ని లైన్లు ఆపేశారు. అమెరికాలో నాట్లేసే ట్రాక్టర్ల జీపీఎస్ తప్పింది. మనవాళ్లు మాత్రం సోమవారం ఓటెయ్యడానికి హైదరాబాద్ నుంచి ఊళ్లకి బస్సులు దొరక్క అల్లాడుతున్నారు. ఆకాశం సంగతి ఎవరికి పట్టింది? మా సిస్టమ్ శనివారం ఎప్పటిలాగే యూనిట్లు తీసింది.

అలాగని మనకి పూర్తిగా మినహాయింపు ఉందనీ అనను. 1859 తుఫానులో బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్టు నమోదైంది. ఆ తుఫాను గురించి పరిశోధించేవాళ్లు ఇప్పటికీ ఆ కొలతనే తిరగేస్తుంటారు. దక్షిణాఫ్రికా ధ్రువానికి దగ్గరేం కాదు, అయినా 2003 తుఫాను తర్వాత అక్కడ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పాడయ్యాయి. పైగా మన గ్రిడ్ కూడా మారింది. 2012 జూలై చివర్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రాల్లో 60 కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డప్పుడు మన దక్షిణాది గ్రిడ్ వాళ్లతో విడిగా ఉంది కాబట్టి మనకి ఏమీ కాలేదు. (అది సూర్యుడి వల్ల జరిగింది కాదు, లోడు ఎక్కువై పడింది.) 2013 డిసెంబరు 31న రాయచూర్, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో మనమూ కలిశాం. కలవడం మంచిదే, కరెంటు కొరత తీరింది. కాకపోతే ఇప్పుడు ఎక్కడో జరిగిన తప్పు మన దాకా వచ్చే దారి కూడా ఉంది.

నా లెక్కలో మనకి సౌర తుఫాను వల్ల గ్రిడ్ పోవడం తక్కువ అవకాశం ఉన్న సంగతే. దానికోసమే అయితే నేనీ పోస్టు రాయను. గ్రిడ్ పోవడానికి మన కోస్తాలో వేరే కారణాలు బోలెడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. స్తంభాలు, టవర్లు వాలిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ చార్జింగ్ కోసం జనం కార్లు స్టార్ట్ చేసి కూర్చున్నారు. తుఫాను తర్వాత ఎండ మాత్రం చక్కగా కాసింది. అప్పుడు డాబాల మీద సోలార్ అరుదు. ఇప్పుడు అలాంటిదే వస్తే ప్రతి వీధిలో నాలుగైదు ఇళ్ల మీద ప్యానెళ్లు తళతళలాడుతూ ఉంటాయి, కింద జనం చీకట్లోనే ఉంటారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లో మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకి గ్రిడ్ పడిపోతే, బ్యాకప్ లేని సోలార్ ఇళ్లకి సరిగ్గా ఇదే అనుభవం అయింది.

జపాన్‌వాళ్ల సాకెట్

లైన్‌మన్ ప్రాణం, ఇంట్లో ఫ్యాను రెండూ కుదరవా? కుదురుతాయి. జపాన్‌లో ఇంటి సోలార్ ఇన్వర్టర్లలో చాలావాటికి విడిగా ఒక సాకెట్ ఉంటుంది. గ్రిడ్ పోయినప్పుడు ఇంటివాళ్లు చేత్తో మోడ్ మారిస్తే, ఎండ ఉన్నంతసేపు ఆ సాకెట్‌లో 1,500 వాట్ల దాకా వస్తుంది. బ్యాటరీ ఉండదు. ఆ సాకెట్‌కీ ఇంటి వైరింగ్‌కీ సంబంధం లేదు కాబట్టి కరెంటు వీధిలోకి పోయే దారి లేదు. 2011 మార్చి భూకంపం తర్వాత ఈ సాకెట్ విలువ అక్కడి జనానికి తెలిసింది. 2018 సెప్టెంబరు 6న భూకంపం వచ్చి హొక్కైడో దీవి దాదాపు మొత్తం చీకటైనప్పుడు కూడా సోలార్ ఇళ్లవాళ్లు ఫోన్లు, రైస్ కుక్కర్లు ఆ సాకెట్ల మీదే నడుపుకున్నారు.

మన దగ్గర ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్లకి ఉద్దేశించింది. 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అది ప్యానెళ్ల కిలోవాట్లని చూసి ఇచ్చేదే, బ్యాటరీకి రాదు. ప్రజల డబ్బు ఇంత పెడుతున్నప్పుడు, సబ్సిడీ ఇన్వర్టర్‌కి పగటి సాకెట్ ఒకటి తప్పనిసరి చేస్తే ఏం పోతుంది? సౌర తుఫానుకీ అదే రక్ష, హుద్‌హుద్‌కీ అదే రక్ష, మే నెల లైను మరమ్మతుకీ అదే.

చిన్నాన్నకి ఈ ఆలోచన నచ్చలేదు. "ఒరే, నువ్వు సాకెట్ అంటావు, మనవాళ్లు దానికి రెండు వైపులా ప్లగ్గున్న వైరు చేసి ఇంటి స్విచ్‌బోర్డులో గుచ్చుతారు. జనరేటర్లకి అలా చేసినవాళ్లని చూశాను. ఆ కరెంటుకి మా లైన్‌మన్ ఒకడు పోయాడు" అన్నారు. ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మెయిన్ ఆఫ్ చేయకపోతే సాకెట్ పనిచేయకుండా తాళం పెట్టవచ్చు, బయటి నుంచి వోల్టేజీ తగిలితే ఆగిపోయేలా చేయవచ్చు. అయినా మనవాళ్ల తెలివి ముందు ఏ తాళమూ చాలదన్న ఆయన అనుభవాన్ని నేను కొట్టేయలేను. సాకెట్‌కీ పరిమితులున్నాయి. మబ్బు పట్టగానే ఆగిపోతుంది. ఫ్రిజ్ మోటారు స్టార్టింగ్ కరెంటుకి కొన్నిసార్లు తట్టుకోదు. బోరు మోటారు సంగతి మర్చిపోవాలి. ఫ్యాను, లైట్లు, ఫోన్లు, వైఫై రూటర్ చాలనుకునేవాళ్లకే అది.

అంతకన్నా మంచిది కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ. గ్రిడ్ పోగానే అది మెయిన్ లైను నుంచి తనని తాను విడగొట్టుకుని ఇంటిని నడుపుతుంది. నాకు ఇచ్చిన కొటేషన్ ప్యానెళ్లకి నేను పెట్టిన మొత్తానికి దగ్గరగా ఉంది. ఏడాదిలో ఉండే కొద్దిపాటి పవర్‌కట్ల కోసం అంత పెట్టడం లెక్కకి నిలవదని మా అబ్బాయి అంటాడు, లెక్క ప్రకారం వాడిదే నిజం. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నవాళ్లో, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లో ఉంటే ఆ లెక్క మారిపోతుంది. బ్యాటరీ కొనేవాళ్లు ఒకటి అడగండి. నెట్ లేకపోయినా ఆ ఇన్వర్టర్ పనిచేస్తుందా, సెట్టింగులన్నీ దాని తెర మీదే మార్చుకోవచ్చా అని. గ్రిడ్ పోయిన రోజు సెల్ టవర్ కూడా పోతుంది. అప్పుడు యాప్ తెరుచుకోదు.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య ఎల్1, సూర్యుణ్ణి గమనించే మన ఇస్రో నౌక, ఇప్పుడు సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల అవతల కాపలా కాస్తోంది. అక్కడ దాటిన సౌరగాలి మామూలుగా సుమారు గంటలో మనల్ని చేరుతుంది, పెద్ద తుఫానైతే పావుగంటలో. ప్లాస్మా బయల్దేరిందన్న కబురు ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. అలాంటి కబురు నిజంగా వస్తే నేను చేసేది తక్కువే. ట్యాంకు నింపుతాను, ఫోన్లు చార్జ్ చేస్తాను. గ్రిడ్ పోతే ఫ్రిజ్, టీవీ, ఏసీ ప్లగ్గులు తీసేసి, కరెంటు తిరిగొచ్చాక కాసేపు నిలకడగా ఉందని చూసుకుని పెడతాను. తిరిగొచ్చేటప్పుడు వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇన్వర్టర్ అయితే అది కుదురుకునే దాకా తనే ఆగుతుంది, ఫ్రిజ్‌కి ఆ ఓపిక ఉండదు. ఎస్‌పీడీ కూడా ఇక్కడ పనికిరాదు. అది క్షణంలో పోయే తాకిడికి, నిమిషాల తరబడి నిలిచే ఎక్కువ వోల్టేజీకి అదే కాలిపోతుంది. డాబా మీదకి మాత్రం ఎక్కను.

చిన్నాన్నతో వాదన ఇంకా తెగలేదు. "సాకెట్ల గురించి రాసే బదులు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకి స్పేర్లు పెట్టమని రాయరా. ఒకటి కాలితే కొత్తది చేసి తేవడానికి ఏడాది పడుతుంది" అంటారు. నిజమే, గ్రిడ్‌ని కాపాడటం అంటే అదే, అదీ రాస్తున్నాను. కాకపోతే 400 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ కొనడం నా చేతిలో లేదు. మా ఇన్వర్టర్ వారంటీ అయిపోయాక తర్వాతది ఏది కొనాలన్నది నా చేతిలో ఉంది. అప్పుడు బ్యాకప్ అవుట్‌పుట్ ఉన్నదే తీసుకుంటాను, దానికోసం కొత్తగా వేద్దామనుకున్న రెండు ప్యానెళ్లు మానుకోవాల్సి వచ్చినా సరే.